జార్జి పాపనికొలావు

ఏజియన్ సముద్రమున, గ్రీసుదేశపు తూర్పుతీరమును ఆనుకొన్నట్లుగా, యుబోయా అను పొడవైన ద్వీపము కలదు. ఆ ద్వీపమున కొండవాలుమీద కీమి అను చిన్న పట్టణమున్నది. జార్జి పాపనికొలావు 1883 వ సంవత్సరము మే 13 వ తేదీన ఆ పట్టణమున జన్మించెను. తండ్రి నికొలావోసు ఆ ఊరి వైద్యుడు. తల్లి పేరు మరియా. కుమారుడు తనవలెనే వైద్యవిద్య నభ్యసించి, తన తరువాత ఆ ఊరి రోగులను చూచుకొనవలెనని తండ్రి కోరిక. కుమారునికి మాత్రము వయొలినుమీదను గ్రంథములమీదను మక్కువ మెండు.

తండ్రి కోరిక మేరకు జార్జి ఏథెన్సు విశ్వవిద్యాలయమున వైద్యము చదివి 1904 లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట కొంతకాలము సైన్యమున వైద్యుడుగా పనిచేసి స్వగ్రామమునకు తిరిగివచ్చెను. ఊరివెలుపల నివసించు కుష్ఠురోగులకు కొన్నాళ్లు చికిత్స చేసెను. అయితే నాడి చూచి మందిచ్చి పంపు జీవితము ఆయన మనస్సునకు తృప్తి నొసగలేదు. రోగము నయమగునా కాదా అన్నదానికంటె, ప్రాణి ఎట్లు పుట్టుచున్నది, ఒక ప్రాణి ఆడుదిగను మరియొకటి మగదిగను ఏల అగుచున్నది అను ప్రశ్నలే ఆయనను వేధించుచుండెను. తండ్రి మొదట కినిసినను, తుదకు కుమారుని పట్టుదలకు తలయొగ్గి జర్మనీకి పంపెను. జార్జి అచ్చటి విశ్వవిద్యాలయములలో జీవశాస్త్రము నభ్యసించి, గుంటనీటిలో గంతులువేయు డాఫ్నియా అను నలుసంత జీవినిగూర్చి పరిశోధించి, 1910 లో మ్యూనిక్ నగరమున డాక్టరు పట్టమును పొందెను.

ఆ సంవత్సరమే ఆయన ఆండ్రొమాకి మావ్రొయెని అను కన్యను వివాహమాడెను. ఆమెను అందరును మేరీ అని పిలిచెడివారు. ఆమె సైనికోద్యోగుల వంశమున పుట్టినది, చదువుకొన్నది, పియానో వాయింప నేర్చినది. ఈ కథలో ఆమె పాత్ర పెద్దది. చరిత్రకారులు చాలకాలము ఆమెను గూర్చి ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టిరి గాని, అది న్యాయము కాదు.

వివాహానంతరము దంపతులు మొనాకో దేశమునకు పోయి, అచ్చటి సముద్రపరిశోధనాలయమున కొంతకాలముండిరి. ఇంతలో జార్జి తల్లి మరణించెను. స్వదేశమునకు తిరిగివచ్చిన కొలది కాలమునకే, 1912 లో, బాల్కను యుద్ధము మొదలయ్యెను. జార్జి మరల సైన్యమున వైద్యుడుగా చేరవలసివచ్చెను. అమెరికాలో స్థిరపడి, మాతృభూమికొరకు యుద్ధము చేయుటకు వచ్చిన గ్రీకులు ఆ సేనలో పలువురుండిరి. పరిశోధన చేయగోరువారికి అమెరికాలో మంచి అవకాశములున్నవని వారివలన విని, ఆయన ఆ దేశమునకు పోవ నిశ్చయించుకొనెను.

1913 వ సంవత్సరము అక్టోబరు 19 వ తేదీన పాపనికొలావు దంపతులు న్యూయార్కు రేవున దిగిరి. దేశములో ప్రవేశింపగోరువారు తమవద్ద కొంత ధనమున్నట్లు చూపవలసియుండెను. వారివద్ద ఉన్నది 250 డాలర్లు. ఇంగ్లీషు భాష ఇరువురికిని రాదు. ఆ మహానగరమున వారికి ఆప్తులును లేరు. రెండు పట్టములుగల పండితుడు ఒక పెద్ద అంగడిలో తివాచీలు అమ్ము పనికి కుదిరి, ఒక్క దినముతో దానిని విడిచిపెట్టెను. మేరీ అదే అంగడిలో గుండీలు కుట్టు పనికి కుదిరెను. వారమునకు 5 డాలర్లు కూలి. జార్జి భోజనశాలలలో వయొలిను వాయించియు, గ్రీకు వార్తాపత్రిక కార్యాలయమున గుమాస్తాగిరి చేసియు కొంత సంపాదించుచుండెను. తాను చేయదగిన పని ఇది కాదని అనుకొనెనో లేదో తెలియదు గాని, ఆ పనులను సిగ్గుపడి మానుకొన్నవాడు మాత్రము కాడు.

ఆ కాలమున థామస్ హంట్ మోర్గను అను శాస్త్రజ్ఞుడు అమెరికాలో ప్రఖ్యాతి గాంచియుండెను. ఆయన పాపనికొలావు వ్రాసిన వ్యాసము నెరిగియుండుటచేత, ఆయన సిఫారసు పనికివచ్చెను. 1914 నాటికి పాపనికొలావునకు కార్నెల్ వైద్యకళాశాలలో, శరీరనిర్మాణశాస్త్ర విభాగమున, చార్లెస్ స్టాకర్డు అను ఆచార్యుని క్రింద ఉద్యోగము దొరకెను. మేరీయు ఆ ప్రయోగశాలలోనే, జీతము లేకయే, భర్తకు సహాయకురాలుగా చేరెను.

స్టాకర్డు గినీ పందులను పెంచుచు, సారాయము వాని సంతానముపై చూపు ఫలితములను పరిశీలించుచుండెను. ఆ జంతువులలో కొన్నింటిని పాపనికొలావు తన పరిశోధనకు ఉపయోగించుకొనెను. ఆయనకు కావలసినది ఆడ జంతువుయొక్క అండము. అదియు పక్వమై విడివడుటకు సరిగా ముందున్న అండము. ఆ ఘడియ ఎప్పుడు వచ్చునో పైకి తెలియదు. ఊహమీద జంతువును చంపి చూడగా, తరచుగా కావలసిన దశ దాటిపోయియైన ఉండును, రాకయైన ఉండును. ఇట్లు ఎన్నియో జంతువులు వృథాగా చచ్చుచుండెను.

ఒకనాడు ఆయనకు ఒక ఆలోచన తోచెను. స్త్రీలకు నెలనెలా ఋతుస్రావమగుచున్నది. ఆ విధమైన స్రావము ఈ చిన్న జంతువులందును, కంటికి కానరానంత స్వల్పముగానైనను, ఉండవలెను గదా! ఆయన వెంటనే శస్త్రసాధనములమ్ము అంగడికి పోయి, వైద్యులు ముక్కు లోపలిభాగమును చూచుటకు వాడు చిన్న సాధనమును కొనితెచ్చెను. దాని సాయమున గినీ పంది గర్భమార్గమునుండి కొంచెము ద్రవమును తీసి, గాజుపలకపై పూసి, సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూచెను. రక్తస్రావము కానరాలేదు. దానికి మారుగా కణములు కనబడెను. ఒకనాటి కణములు మరునాటి కణములవలె లేవు. దినదినమును అట్లు చూచుచుపోగా, సుమారు 15, 16 దినముల కొకసారి అవే రూపములు అదే వరుసలో తిరిగివచ్చుచుండెను. జంతువును చంపనక్కరలేకయే దాని లోపలి స్థితిని తెలిసికొను మార్గము దొరకినది. స్టాకర్డుతో కలిసి ఆయన ఈ సంగతిని 1917 లో ప్రకటించెను. తరువాత ఇతర శాస్త్రజ్ఞులు ఎలుకలయందు ఇదే మార్గము ననుసరించి, స్త్రీ శరీరమునందలి ముఖ్యమైన హార్మోనును కనుగొనిరి.

జంతువులందు కనబడినది స్త్రీలయందును కనబడునా? దానిని పరీక్షింపవలెనన్న ఆరోగ్యవతియగు స్త్రీ కావలెను. ఆమెను ఒకనాడు కాదు, రెండునాళ్లు కాదు, ప్రతిదినమును పరీక్షింపవలెను. అందుకు అంగీకరించినది మేరీ. ఇరువదియొక్క సంవత్సరములు ఆమె ఈ పరీక్షకు లోబడెను. ఆరోగ్యవతియైన స్త్రీ గర్భమార్గమునందలి కణములు ఏ దినమున ఎట్లుండునో లోకమునకు మొదట తెలిసినది ఆమె వలననే. సహజరూపము తెలియనిచో వికృతరూపమును గుర్తించుట సాధ్యమా? పరీక్షకు నిలచిన పేరు భర్తది. అది నిలచిన పునాది మేరీది. వారికి సంతానము లేదు. పగలెల్ల ప్రయోగశాలలో భర్తకు తోడుగా నుండి, ఇంటిపనియు ఆమెయే చూచుకొనెడిది.

1925 నుండి ఆయన ఆసుపత్రికి వచ్చు స్త్రీలను కూడ పరీక్షింప మొదలిడెను. అట్లు పరీక్షించుచుండగా, ఒక స్త్రీ గాజుపలకపై అంతకుముందు ఆయన యెన్నడును చూడని కణములు కనబడెను. సహజమైన కణమునకు విశాలమైన దేహమును, దాని నడుమ చిన్నదియు గుండ్రనిదియు నగు కేంద్రకమును ఉండును. ఈ కణములందు కేంద్రకము కణమునంతటిని ఆక్రమించి, నల్లబడి, అంచులు వంకరలై, ఒకదానివలె మరొకటి లేకుండెను. ఆ స్త్రీకి గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు వ్యాధి ఉన్నది. తన జీవితమున కలిగిన మహానందములలో అది యొకటి అని ఆయన తరువాత చెప్పుకొనెను. రోగి దుఃఖమునకు కాదు ఆ ఆనందము. ఆ రోగము కత్తితో కోయకయే గాజుపలకపై కానవచ్చినందుకు.

ఈ వ్యాధి స్వభావమును కొంత తెలిసికొననిదే ఆయన కనుగొన్నదాని విలువ బోధపడదు. మన చర్మమునుండి పొట్టు రాలునట్లే, గర్భాశయ ముఖద్వారమును కప్పియున్న పలుచని పొరనుండియు కణములు నిత్యము రాలుచుండును. ఆ పొరయందలి కణములు ఒక్కసారిగా క్యాన్సరు కణములుగా మారవు. మొదట కొలది కణములు రూపుచెడును. అవి పలుమారు తమంతట తామే చక్కబడుటయు కలదు. చక్కబడనిచో, ఆ మార్పు పొర అడుగునుండి పైవరకు వ్యాపించును. ఇది జరుగుటకు సాధారణముగా పది సంవత్సరములో, అంతకు మించియో పట్టును. ఆ కాలమంతయు రోగికి నొప్పి యుండదు, రక్తము కానరాదు, ఏ బాధయు తోచదు. ఆ దశలో పట్టుకొన్నచో చెడిన పొరను కొంత తీసివేయుటతో వ్యాధి తీరిపోవును. పొరను దాటి లోపలి కండలోనికి దిగినపిమ్మటనే నొప్పియు రక్తస్రావమును కలుగును. ఆనాటి స్త్రీలు వైద్యుని కడకు వచ్చుచుండినది అప్పుడే. అప్పటికి పలువురి విషయమున వైద్యుడు చేయగలిగినది స్వల్పము. ఆ కాలమున అమెరికాలో క్యాన్సరువలన మరణించు స్త్రీలలో ఈ వ్యాధిచే మరణించువారి సంఖ్య మిక్కిలి అధికము. వారిలో ఎక్కువమంది నడివయస్సు తల్లులు.

1928 జనవరిలో, మిచిగన్ రాష్ట్రమున బాటిల్ క్రీక్ అను పట్టణమున జరిగిన ఒక సభలో పాపనికొలావు తన పద్ధతిని విన్నవించెను. సభవారు ఆదరింపలేదు. అనుమానమున్నచోట కండముక్కను కోసి పరీక్షించు పద్ధతి యుండగా, రాలిపడిన విడికణములను చూచి రోగమును నిర్ణయించుట ఏమి అని వైద్యులు తలచిరి. అచ్చయిన వ్యాసముతో ఉన్న చిత్రములును స్పష్టముగా లేవు. వైద్యులను పూర్తిగా నిందించుటకు వీలులేదు. అనుమానము కలిగిన తరువాత కండముక్క చాలును, నిజమే. అనుమానమే కలుగని స్త్రీ మాట ఏమి? ఆ ప్రశ్నయొక్క బలము నాడు సభవారికే కాదు, బహుశః పాపనికొలావునకు కూడ పూర్తిగా తట్టియుండలేదు.

ఇచ్చట మరియొకని పేరు చెప్పవలసియున్నది. రుమేనియా దేశమున బుకారెస్టు నగరమందలి ఆరెల్ బాబెష్ అను వైద్యుడు 1927 లోనే, ప్లాటినపు తీగతో గర్భాశయ ముఖద్వారమునుండి కణములను తీసి క్యాన్సరును గుర్తింపవచ్చునని తన నగరపు వైద్యులకు తెలిపి, 1928 లో ఫ్రెంచి వైద్యపత్రికలో ప్రకటించెను. ఇరువురును వేరువేరు మార్గముల నడచి ఒకేచోటికి చేరిరి. బాబెష్ వ్యాసమును లోకము మరచెను. పాపనికొలావు వ్యాసమును గూడ పదునొకండేండ్లు మరచెను.

ఆ పదునొకండేండ్లు పాపనికొలావు ఎవరితోను వాదింపలేదు. తన పనిని మానను లేదు. స్త్రీ శరీరధర్మమునుగూర్చి పరిశోధించుచు, 1933 లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1939 లో స్టాకర్డు మరణించెను. ఆ స్థానమునకు వచ్చిన జోసెఫ్ హిన్సే, మూలబడిన ఆ క్యాన్సరు పరిశోధనను మరల చేపట్టుమని ప్రోత్సహించెను. హెర్బర్టు ట్రౌట్ అను స్త్రీవ్యాధుల నిపుణుడు తోడ్పడెను. న్యూయార్కు ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల విభాగమున చేరు ప్రతి స్త్రీనుండియు, వ్యాధి యున్నను లేకున్నను, గాజుపలక తీయవలెనని ఏర్పాటయ్యెను. అసలు కీలకము ఇచ్చటనే ఉన్నది. రోగమున్నదని తెలిసినవారిని మాత్రమే చూచినంతకాలము ఆ పద్ధతి ఒక వింత. అందరిని చూడ మొదలిడగానే అది రక్షణసాధనమయ్యెను. ఎవ్వరును అనుమానింపని స్త్రీలయందు వ్యాధి బయటపడెను. కొందరియందు అది ఇంకను పొరను దాటని దశలోనే యుండెను.

1941 లో వారిరువురు వ్యాసమును, 1943 లో మూడువేలకు పైబడిన స్త్రీల పరీక్షల ఆధారమున గ్రంథమును ప్రకటించిరి. ఈసారి చిత్రములు చక్కగా అమరెను. జపానున జన్మించిన హషిమె మురయామా అను చిత్రకారుడు సూక్ష్మదర్శినిలో చూచి ఒక్కొక్క కణమును రంగులతో చిత్రించెను. కణములకు రంగుపట్టించు విధానమును పాపనికొలావు ఏండ్ల తరబడి సవరించుచు వచ్చెను. గాజుపలకపై పూసిన ద్రవము ఆరిపోకమునుపే దానిని ఆల్కహాలు, ఈథరుల మిశ్రమమున ముంచవలెను. ఆరినచో కణముల రూపు చెడును. పిమ్మట అద్దకములలో ముంచగా, కేంద్రకము నీలమై, కణదేహము దాని వయస్సును బట్టి నారింజ, గులాబి, ఆకుపచ్చ వన్నెలు దాల్చును. చూచువాని కన్ను అలయదు. వేలకొలది కణముల నడుమ చెడిన కణము దాగియుండినను పట్టుబడును. 1947 లో కెనడా దేశీయుడగు ఎర్నెస్టు ఐర్ అను వైద్యుడు, మార్గమున నిలచిన ద్రవమునకు మారుగా ముఖద్వారమునే చిన్న చెక్కపుల్లతో మెల్లగా గీకి కణములను తీయు పద్ధతిని తెచ్చెను. పరీక్ష సులభమై, కచ్చితత్వము పెరిగెను. ఆయన పేరులోని మొదటి అక్షరములను బట్టి జనులు దీనిని పాప్ పరీక్ష అని పిలువసాగిరి.

అది దోషరహితమైన పరీక్ష అని చెప్పరాదు. కణములు సరిగా రాకపోయినను, చూచువాడు ఏమరినను ఒకమారు వ్యాధి తప్పించుకొనవచ్చును. అందుచేతనే దీనిని కొన్ని సంవత్సరముల కొకసారి మరల మరల చేయవలెను. వ్యాధి మెల్లగా నడచునది కావున, ఒకసారి తప్పించుకొన్నది మరియొకసారి దొరకును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున 1949 లోనే ఈ పరీక్షను సామాన్య స్త్రీలకు అందించు ఏర్పాటు మొదలయ్యెను. 1952 లో అమెరికాలోని మెంఫిస్ నగర ప్రాంతమున మొదలిడి, లక్షకు పైబడిన స్త్రీలను పరీక్షించిరి. పరీక్ష క్రమముగా జరిగిన దేశములందు ఈ వ్యాధివలని మరణములు సగమునకు మించి తగ్గెను.

పాపనికొలావు పొట్టివాడు, మితభాషి. ప్రొద్దుట ప్రయోగశాలకు పోయినవాడు చీకటిపడిన పిమ్మట ఇల్లుచేరెడివాడు. ఆదివారముకూడ ఆయనకు పూర్తిగా సెలవు కాదు. దూరదేశములనుండి వచ్చిన వైద్యులకు తన పద్ధతిని నేర్పెను. 1950 లో ఆయనకు లాస్కర్ బహుమానము లభించెను. 1954 లో తాను జీవితకాలమున చూచిన కణరూపములనెల్ల చిత్రములతో ఒక మహాగ్రంథముగా కూర్చెను. నోబెల్ బహుమానము మాత్రము రాలేదు.

1961 చివర ఆయన, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున, ఫ్లారిడాలోని మయామీ నగరమున ఒక క్యాన్సరు పరిశోధనాలయమునకు అధిపతియై మేరీతో కూడ తరలిపోయెను. అచ్చట చేయదలచిన పని ఇంకను కుదురుకొనకముందే, 1962 ఫిబ్రవరి 19 వ తేదీన గుండెజబ్బుతో మరణించెను. ఆ పరిశోధనాలయమునకు తరువాత ఆయన పేరు పెట్టిరి. గ్రీసుదేశము 1995 లో పదివేల ద్రాక్మాల నోటుపై ఆయన బొమ్మను ముద్రించెను. మేరీ భర్త పోయిన పిమ్మట ఇరువది సంవత్సరములు జీవించి 1982 లో మరణించెను.

ఆ కణములను చెరుపునది ఏది అన్న సంగతి పాపనికొలావునకు తెలియదు. అది పాపిలోమా అను ఒక వైరసు అని జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డు త్సుర్ హౌజెను 1980 తరువాత నిరూపించి, 2008 లో నోబెల్ బహుమానమును పొందెను. 2006 నుండి దానికి టీకా లభించుచున్నది. ఆ వైరసునే వెదకు పరీక్షయు ఇప్పుడు వచ్చినది; స్త్రీలకు మొదట చేయవలసినది అదియే అని 2021 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా యిచ్చెను.

పాప్ పరీక్షకు గాజుపలకలు, అద్దకములు, సూక్ష్మదర్శిని, వానికిమించి తరిఫీదు పొందిన కన్నులు కావలెను. పల్లెలకును మురికివాడలకును అవి చేరుట కష్టము. మన దేశమున 2022 లో లక్షా ఇరువదివేలకు పైబడిన స్త్రీలకు ఈ వ్యాధి కనబడెనని, సుమారు ఎనుబదివేలమంది మరణించిరని అంచనా. ముంబయిలోని టాటా ఆసుపత్రివారు 1998 లో ఆ నగరపు మురికివాడలలో వేరొక మార్గము ననుసరించిరి. పదవతరగతి చదివిన స్త్రీలకు కొలదివారములు శిక్షణ యిచ్చి, పరీక్షకు పంపిరి. పలుచని వినెగరును ముఖద్వారమునకు పూసి నిమిషము ఆగినచో, చెడిన కణములున్నచోటు తెల్లబడును. సూక్ష్మదర్శిని అక్కరలేదు, దీపము చాలును. లక్షన్నర మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి పండ్రెండేండ్లు గమనింపగా, పరీక్ష జరిగిన వాడలలో ఈ వ్యాధివలని మరణములు నూటికి 31 వంతులు తగ్గెను. ఆ స్త్రీలలో పలువురు మొదట పరీక్షకు జంకిరి. ఒంట్లో ఏ బాధయు లేదు గదా, ఎందుకు రావలెను అని అడిగిరి. శిక్షణ పొందిన ఆ కార్యకర్తలు ఇంటింటికి తిరిగి, గడపలో కూర్చుండి, వారితో మాటలాడి, కొందరిని రెండవమారు, మూడవమారు పిలిచి తీసికొనివచ్చిరి.